నొప్పి తగ్గింది కదా అని మళ్ళీ నీళ్ళలోకి దిగొద్దు

పోయిన నెల ఈ శీర్షికలో కీళ్ళనొప్పుల గురించి రాస్తూ, సముద్రంలో లోతుకి దిగి పనిచేసే కుర్రోళ్ళకి వచ్చే భుజంనొప్పి వేరు, అది కీలు అరిగి వచ్చేది కాదు, ఒంట్లో గాలిబుడగలు పుట్టి వచ్చేది అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. దాని మీద మైపాడు నుంచి కొత్తపట్నం దాకా ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. మన తీరంలో ఇన్ని ఇళ్ళల్లో ఈ పనికి పొయ్యేవాళ్ళు ఉన్నారన్నమాట. అందుకని షుగరు, థైరాయిడ్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నా. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళు ఏమనుకోవద్దు, వచ్చే నెల తప్పకుండా చూస్తా.

ప్రశ్న (మైపాడు దగ్గర ఊరి నుంచి ఒక అక్క): డాక్టర్ గారికి నమస్కారం. మా తమ్ముడికి 27 ఏళ్ళు. వేరే రాష్ట్రంలో ఒక పోర్టులో కాంట్రాక్టరు కింద ఓడల అడుగుకి పట్టిన గుల్లలు గీకే పని. పైన పడవలో కంప్రెసర్ పెట్టి, పైపు నోట్లో పెట్టుకొని దిగుతారంట, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్నోసార్లు. ఇంటికొచ్చే ముందురోజు పైకి తేలిన గంటకి కుడి భుజం లోపల్నుంచి తొలిచేసే నొప్పి వచ్చి, పొట్ట మీద ఎరుపూ నీలం కలిసిన మరకలు లేచి, ఒకటే దురదంట. ఎవరో నొప్పి బిళ్ళలు ఇచ్చారు, తెల్లారికి తగ్గింది. ఇప్పుడు బాగానే ఉన్నా అంటాడు కానీ ఎప్పుడూ పడుకునే ఉంటాడు, కుడికాలు తిమ్మిరి అని కూడా ఒకసారి అన్నాడు. వచ్చే వారం మళ్ళీ పనికి పోతానంటున్నాడు. పంపించచ్చా?

జవాబు: పంపించొద్దమ్మా. ఈ పుస్తకం నీ చేతికి వచ్చేలోపలే నీ ఫోన్ నంబరుకి మా వాళ్ళతో చేయించాను, అయినా నీలాంటి అక్కలు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు అసలు ఏం జరిగిందో చెప్తా. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకి మన గాలి ఒత్తిడి అంత ఒత్తిడి ఇంకొకటి చేరుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర రెండింతలు, 20 దగ్గర మూడింతలు. కింద పీల్చే గాలి కూడా అంతే ఒత్తిడితో వస్తుంది, గాల్లో ఐదింట నాలుగు వంతులు ఉండే నైట్రోజన్ రక్తంలోకి, కొవ్వులోకి, కీళ్ళ చుట్టూ ఉండే కండరాల్లోకి కరిగిపోతా ఉంటుంది, ఎంతసేపుంటే అంత. నిదానంగా పైకొస్తే ఆ నైట్రోజన్ ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది, ఏం కాదు. గబుక్కున వచ్చినా, లేదా రోజంతా దిగీ ఎక్కీ దిగీ ఎక్కీ లోపల బాగా నిల్వ చేసుకొని వచ్చినా, అది పోవడానికి టైము చాలక రక్తంలోనే, కండలోనే బుడగలు కడుతుంది. ఇదే డీకంప్రెషన్ సిక్‌నెస్. అమెరికా నేవీ టేబుల్ (ఎంత లోతులో ఎంతసేపుండచ్చో చెప్పే పట్టీ) ప్రకారం 18 మీటర్ల లోతులో ఆగకుండా పైకి రాగలిగే టైము సుమారు గంట, అదీ రోజులో మొదటిసారి దిగినప్పుడు. మీ తమ్ముడి పైపుకి గడియారం ఉందా, లోతు చూపించే మీటరు ఉందా, ఎన్నోసారి దిగాడో ఎవరైనా రాసుకున్నారా? ఇవేవీ లేకుండా దించారంటే ఆ పిల్లోడి తప్పు ఏమీ లేదు, ఇంట్లో వాడిని తిట్టొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నొప్పి తగ్గింది అంటే జబ్బు తగ్గింది అని కాదు. నొప్పి బిళ్ళ నొప్పిని మాత్రమే తగ్గిస్తుంది. పొట్ట మీద ఆ ఎరుపూ నీలం మరకలు, చలువరాయి మీద గీతల్లా ఉంటాయి కదా, అవి చర్మంలో చిన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయని చెప్పే గుర్తు, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. దానికి తోడు కాలు తిమ్మిరి అంటున్నావు, అది నన్ను ఇంకా భయపెట్టింది. వెన్నుపూసలో ఉండే నరాల తాడుకి కూడా ఇదే జబ్బు తగులుతుంది, మొదట తిమ్మిరి, తర్వాత కాలు బరువు, తర్వాత ఒంటేలు ఆగిపోవడం, ఇలా దిగజారుతుంది.

కాబట్టి ఈరోజే పెద్దాసుపత్రికి తీసుకుపో. అక్కడ మొదటి మాటే "సముద్రంలో లోతుకి దిగి పనిచేశాడు, ఫలానా రోజు ఆఖరిసారి దిగాడు" అని చెప్పాలి, భుజంనొప్పి అని మొదలుపెడితే ఎక్స్‌రే తీసి పంపించేస్తారు. ఇంట్లో నువ్వే కొన్ని చూడచ్చు: ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్ళు ఆనించి గీత మీద నడవమను, కళ్ళు మూసుకొని ఒంటికాలి మీద నిలబడమను, ఒంటేలు సరిగ్గా వస్తుందా అడుగు, రెండు కాళ్ళ మీదా చల్లటి చెంచా పెట్టి ఒకేలా తెలుస్తుందా అడుగు. ఏది తేడా ఉన్నా డాక్టరుకి చెప్పు. ఆసుపత్రిలో ముందు చెయ్యాల్సింది మాస్కు గట్టిగా పెట్టి నూటికి నూరు వంతులు ఆక్సిజన్ ఇవ్వడం, సంచీ ఉన్న మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు. నొప్పికని నవ్వుగ్యాసు కలిపిన మందు గాలి మాత్రం ఇవ్వకూడదు, ఆ గ్యాసు పొయ్యి బుడగల్లో చేరి వాటిని ఇంకా పెద్దవి చేస్తుంది, ఈ సంగతి డ్యూటీ డాక్టరుకి చెప్పినా తప్పులేదు.

అసలు వైద్యం మాత్రం హైపర్‌బేరిక్ ఛాంబర్. మనిషిని ఇనుప గదిలో కూర్చోబెట్టి 18 మీటర్ల లోతుకి సమానమైన ఒత్తిడి ఇచ్చి, ఆక్సిజన్ పీల్పించి, మెల్లగా తగ్గిస్తారు, అందరూ వాడే టేబుల్ 6 అనే పద్ధతిలో ఒకసారికి 4 గంటల 45 నిమిషాలు పడుతుంది. మనకి దగ్గర చెన్నై, నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు, హైవే మీద చదునైన దారే కాబట్టి ఒత్తిడి తేడా భయం లేదు. విమానం మాత్రం వద్దు. నాలుగు రోజులైపోయింది కదా ఇంకేం లాభం అని ఎవరైనా అంటే వినొద్దు, ఆలస్యంగా ఇచ్చినా మేలు జరిగిన వాళ్ళు ఉన్నారు. ఇంకొకటి, మన తీరంలో కొందరు పెద్దలు "మళ్ళీ అదే లోతుకి దిగి కాసేపుంటే పోతుంది" అంటారు. కిందికి పోతే బుడగ చిన్నదై నొప్పి తగ్గే మాట నిజమే, కానీ కింద ఉన్నంతసేపూ ఇంకా నైట్రోజన్ ఎక్కించుకుంటా ఉంటాడు, పైకొచ్చేసరికి కథ మొదటికంటే దారుణం అవుతుంది, నీళ్ళలోనే స్పృహ తప్పితే మనిషే దక్కడు.

ప్రశ్న (ఒంగోలు, నర్సింగ్ చదివే అమ్మాయి): సార్, మా పుస్తకంలో బుడగ రక్తనాళానికి అడ్డం పడుతుంది, ఛాంబర్‌లో పెడితే బుడగ కరిగిపోతుంది అని రెండే లైన్లు ఉన్నాయి. బుడగ పోతే జబ్బు పోవాలి కదా, మరి కొంతమందికి ఛాంబర్ తర్వాత కూడా ఎందుకు మిగిలిపోతుంది? రక్తనాళానికి ఏమవుతుంది?

జవాబు: తల్లీ, నీ పుస్తకం రాసినవాళ్ళే కాదు, 300 ఏళ్ళు లోకమంతా బుడగ గురించే ఆలోచించింది. 1670లో రాబర్ట్ బాయిల్ ఒక పాముని గాలి తీసేసిన పాత్రలో పెట్టి దాని కంట్లో బుడగ కదలడం చూశాడు. 1878లో పాల్ బెర్ట్ అనే ఫ్రెంచి ఆయన ఈ బుడగ నైట్రోజన్‌దే అని తేల్చాడు. 1908లో జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి మెట్టుమెట్టుగా ఆగుతూ పైకి రావాలని టేబుళ్ళు తయారుచేశాడు, ఈరోజు డైవర్లు చేతికి కట్టుకునే కంప్యూటర్లలో చాలా వాటికి మూలం ఆయన లెక్కే. వీళ్ళందరి లెక్కలోనూ రక్తనాళం అంటే ఒక గొట్టం, అంతే. బుడగ గొట్టానికి అడ్డం పడింది, తీసేస్తే సరి.

గొట్టం లోపలి పొర గురించి తెలిసింది చాలా ఆలస్యంగా. దాన్ని ఎండోథీలియం అంటారు, ఒకే ఒక్క కణం మందం. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు పెద్ద ధమని ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేసి చూస్తుంటే కొన్ని ముక్కలు వదులయ్యాయి, కొన్ని కాలేదు. ఎందుకబ్బా అని వెతికితే, ముక్క తయారుచేసేటప్పుడు లోపలి పొర రాసుకుపోయిన ముక్కలే వదులవడం లేదు. అంటే గొట్టం వదులవ్వాలని చెప్పేది ఆ పొరే. ఆ పొర వదిలే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది, ఫర్చ్‌గాట్‌కి, ఇగ్నారోకి, మురాద్‌కి కలిపి 1998లో నోబెల్ ఇచ్చారు. ఆ నైట్రిక్ ఆక్సైడ్ నాళాన్ని వదులు చెయ్యడమే కాదు, ప్లేట్‌లెట్లు అంటుకోకుండా, తెల్లకణాలు గోడకి పట్టకుండా చూస్తుంది. ఆ పొర బాగుంటే రక్తం జారుతూ పోతుంది, పొర చెడితే అదే రక్తం గడ్డకట్టడం మొదలవుతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వద్దాం. బుడగ ఊరికే కొట్టుకుపోదు. అది గోడకి రాసుకుంటా పోతుంది, ఆ రాపిడికి ఎండోథీలియం కణాలు దెబ్బతింటాయి. పందుల మీద 1990ల్లో నార్వేలో చూశారు, ఊపిరితిత్తులకి పొయ్యే నాళంలో బుడగలు ఎంత ఎక్కువ ఉంటే ఆ నాళం వదులయ్యే గుణం అంత ఎక్కువ తగ్గింది. పైగా బుడగ పైతలం రక్తానికి పరాయి వస్తువు, దాని మీద ప్రోటీన్లు అతుక్కుంటాయి, ప్లేట్‌లెట్లు చేరతాయి, కాంప్లిమెంట్ అనే, పరాయి వస్తువు మీద పడే రక్తంలోని ప్రోటీన్ల గుంపు మేల్కొంటుంది, తెల్లకణాలు కోపంగా వచ్చి గోడకి పట్టుకుంటాయి. గోడ కణాల మధ్య సందులు పెద్దవై రక్తంలోని నీళ్ళు బయటికి కారిపోతాయి. అందుకే గట్టిగా తగిలిన వాళ్ళకి హీమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, చూస్తే ఎక్కువ ఉంటుంది, రక్తం చిక్కబడిందన్నమాట. ఇదంతా మొదలయ్యాక బుడగని ఛాంబర్‌లో కరిగించేసినా, ఈ మంట మాత్రం దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది. మిగిలిపోవడం అంటున్నావే, దానికి పెద్ద కారణం ఇదే. ఛాంబర్ లాభం కూడా బుడగని నొక్కడం ఒక్కటే కాదు, ఒత్తిడితో ఇచ్చే ఆక్సిజన్ తెల్లకణాలు గోడకి అతుక్కోవడాన్ని కూడా తగ్గిస్తుంది.

ఇంకో విషయం ఉంది, నన్ను బాగా కదిలించింది అదే. జబ్బు లక్షణాలు ఒక్కటీ లేని డైవర్లలో కూడా ఈ పొర పని తగ్గుతుంది. దీన్ని ఎలా కొలుస్తారో చెప్తా, నువ్వు నర్సింగ్ పిల్లవి కాబట్టి కళ్ళకి కట్టినట్టు చూడగలవు. మనిషిని చల్లటి గదిలో వెల్లకిలా పడుకోబెడతారు. మోచేతి పైన అల్ట్రాసౌండ్ పెట్టి చేతి ధమని ఎంత వెడల్పు ఉందో చూస్తారు, 4 మిల్లీమీటర్లు అటూ ఇటూ. ముంజేతికి బీపీ కఫ్ కట్టి, పై బీపీ కంటే బాగా ఎక్కువ గాలి కొట్టి 5 నిమిషాలు అట్టానే ఉంచుతారు, చెయ్యి తెల్లబడి, తిమ్మిరెక్కి, ఆ మనిషి వేళ్ళు కదపాలని తహతహలాడతాడు. ఒక్కసారిగా గాలి వదిలేస్తారు. రక్తం ఉరుక్కుంటా దిగుతుంది, అరచెయ్యి ఎర్రగా వెచ్చగా అవుతుంది, ఆ ప్రవాహం గోడని తాకగానే లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, నిమిషం తిరక్కుండా పైన ధమని వెడల్పవుతుంది. ఎంత వెడల్పయిందో శాతంలో రాస్తారు, దీన్నే ఫ్లో మీడియేటెడ్ డైలటేషన్ అంటారు. పొర ఆరోగ్యంగా ఉందా లేదా చెప్పడానికి కత్తి పెట్టకుండా చేసే పరీక్షల్లో ఇంత సులువైంది తక్కువ.

2005లో నార్వేకి చెందిన ఆల్ఫ్ బ్రూబాక్, క్రొయేషియాకి చెందిన జెల్కో దూయిచ్, వాళ్ళ జట్టు 9 మంది ఆరోగ్యంగా ఉన్న డైవర్లని ఛాంబర్‌లో 18 మీటర్ల లోతుకి సమానమైన ఒత్తిడిలో 80 నిమిషాలు ఉంచి, రూల్ ప్రకారమే ఆగుతూ బయటికి తెచ్చి, ఈ పరీక్ష చేశారు. ముందు సగటున 9.2 శాతం వెడల్పయ్యే ధమని తర్వాత 5.0 శాతమే అయింది. వాళ్ళలో బుడగలు కూడా కొన్నే కనపడ్డాయి. ఒకే ఒక్క డైవ్, రూల్ ప్రకారం చేసిన డైవ్! బుడగలు తక్కువ ఉన్నా పొర ఎందుకు మందగించింది అంటే, ఒత్తిడిలో పీల్చే ఎక్కువ ఆక్సిజన్ వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్ నైట్రిక్ ఆక్సైడ్‌ని పుట్టినచోటే పట్టుకొని పనికిరాకుండా చేస్తాయి, అది ఒక కారణం. ఇంకొకటి, రక్తకణాల నుంచి, గోడ కణాల నుంచి ఊడి రక్తంలో తిరిగే సూక్ష్మమైన ముక్కలు, మైక్రోపార్టికల్స్ అంటారు, అవి డైవ్ తర్వాత పెరుగుతాయి, వాటి మీద అమెరికాలో స్టీఫెన్ థామ్ చాలా పనిచేశారు. కంగారు పడొద్దు, ఒక డైవ్‌కి తగ్గినది తర్వాతి రోజుల్లో మళ్ళీ కోలుకుంటుంది. కానీ కోలుకోవడానికి రోజులు కావాలి కదా, రోజుకి ఎన్నోసార్లు వారమంతా దిగే మనిషికి ఆ రోజులెక్కడివి? పై ఉత్తరంలో పిల్లోడి గురించి ఆలోచించు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, పరీక్షల్లో రాసేటప్పుడు కలిపెయ్యకు: ఈ పరీక్షలో శాతం తగ్గితే డీకంప్రెషన్ సిక్‌నెస్ ఉన్నట్టు కాదు. జబ్బుని గుర్తుపట్టేది లక్షణాలతో, ఏ లోతుకి ఎంతసేపు దిగాడు అనే కథతో. చాలామందికి పైకొచ్చిన కొన్ని గంటల్లోపే మొదలవుతుంది, దాదాపు అందరికీ 24 గంటల లోపల బయటపడుతుంది.

ప్రశ్న (అల్లూరు వైపు రొయ్యల రైతు): మాకు హేచరీలో రొయ్య పిల్లలకి మొప్పల్లో బుడగలు వచ్చి పైకి తేలిపోయి చచ్చిపోతాయి, గ్యాస్ బబుల్ అంటారు. మనుషులకి వచ్చేదీ అదేనా? ఇంకొకటి, మా ఊళ్ళో బావిలో పడిన మోటారు తీసేదానికి ఊపిరి బిగబట్టి దిగే వాళ్ళు ఉన్నారు, వాళ్ళకీ వస్తుందా?

జవాబు: అన్నా, ఇంతకన్నా దగ్గరి పోలిక నేను చెప్పలేను. మీ మోటారు సక్షన్ పైపుకి ఎక్కడో చిన్న చీలిక పడితే గాలి నీళ్ళతో కలిసి పంపులో నలిగి, ఉండాల్సిన దానికంటే ఎక్కువ కరిగిపోతుంది, ఆ నీళ్ళు ట్యాంకులోకి వచ్చాక ఆ గాలి పిల్ల ఒంట్లో, మొప్పల్లో బుడగ కడుతుంది. మీరు ఏం చేస్తారు, నీళ్ళని పైనుంచి చిమ్మి, ఏరేటర్ పెట్టి కలియబెట్టి ఎక్కువైన గ్యాసుని బయటికి పంపుతారు. డైవరు మధ్యలో ఆగుతూ నిదానంగా పైకి రావడం కూడా సరిగ్గా అదే పని, ఎక్కువైన నైట్రోజన్‌ని బుడగ కట్టకముందే ఊపిరితో పంపెయ్యడం. తేడా ఏందంటే రొయ్యకి మొప్పల్లో రక్తం ఆగిపోతే అక్కడితో అయిపోతుంది, మనిషికి ఆ తర్వాత రక్తనాళం గోడ గొడవ రోజుల తరబడి నడుస్తుంది.

బావి సంగతి. ఒక్క ఊపిరితో పది మీటర్లు దిగి నిమిషంలో పైకొచ్చే మనిషి ఒంట్లోకి పొయ్యే నైట్రోజన్ చాలా తక్కువ, ఈ జబ్బు రాదు. పసిఫిక్‌లో టువామోటు దీవుల ముత్యాల డైవర్లు ఊపిరి బిగబట్టే 30, 40 మీటర్లు దిగి గంటల తరబడి గ్యాప్ లేకుండా అదే పని చేసేవాళ్ళు, వాళ్ళకి వచ్చేది, దాన్ని వాళ్ళు తరవానా అంటారు. మన బావుల్లో భయం బుడగలు కాదు, చెడుగాలి. చాన్నాళ్ళు వాడని బావిలో ఆక్సిజన్ లేక దిగినవాడు, వాడిని తీద్దామని దిగినవాడు ఇద్దరూ పోయిన సంఘటనలు మన జిల్లాల్లో ప్రతి వేసవిలో పేపర్లో చూస్తుంటాం. దయచేసి గాలి పరీక్ష చెయ్యకుండా, నడుముకి తాడు లేకుండా ఎవరినీ దించొద్దు, దిగినవాడు పలక్కపోతే ఫైర్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి కానీ వెనకాల ఇంకొకరు దూకొద్దు.

ప్రశ్న (కావలి, రిటైరైన మాస్టారు): నాకు 62. బీపీ మాత్ర వేసుకుంటున్నాను, కంట్రోల్‌లో ఉంది. నాలుగేళ్ళ క్రితం ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే బిళ్ళ ఇచ్చారు, ఇప్పుడు వాడటం లేదు. పిల్లలు అండమాన్ తీసుకుపోతున్నారు, స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా చెయ్యి నాన్నా అంటున్నారు. ఆ బిళ్ళ రక్తనాళాన్ని వదులు చేస్తుంది కదా, అది వేసుకొని దిగితే బుడగలు రావంట, ఎక్కడో చదివాను.

జవాబు: మాస్టారూ, మీరు చదివింది గాలికబురు కాదు. ఆ బిళ్ళలో ఉండే నైట్రో మందు ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గానే పనిచేస్తుంది, 2006లో దూయిచ్ వాళ్ళు డైవర్లకి దిగేముందు నైట్రోగ్లిజరిన్ ఇస్తే గుండెలో కనపడే బుడగలు తగ్గాయి. ఎలుకల్లో నైట్రిక్ ఆక్సైడ్ పుట్టకుండా ఆపేస్తే బుడగలు పెరిగి ఎక్కువ చచ్చిపోయాయి కూడా. కానీ అవన్నీ బుడగలు ఎట్టా పుడతాయో తెలుసుకునేదానికి ల్యాబులో చేసిన ప్రయోగాలు. మీరు ఆ బిళ్ళ పెట్టుకొని దిగితే బీపీ పడిపోయి, తల తిరిగి, నీళ్ళలో స్పృహ తప్పే ప్రమాదమే ఎక్కువ. వద్దే వద్దు.

మీరు అడగాల్సిన ప్రశ్న బుడగల గురించి కాదు, గుండె గురించి. పర్యాటకులకి చేయించే మొదటి డైవ్ 12 మీటర్లు దాటదు, అరగంట అటూఇటూ, దానికి డీకంప్రెషన్ సిక్‌నెస్ రావడం చాలా అరుదు. కానీ నీళ్ళలో మునగగానే కాళ్ళలో ఉన్న రక్తమంతా ఛాతీలోకి వస్తుంది, చల్లటి నీళ్ళకి బీపీ పెరుగుతుంది, అలలో ఈదాల్సి వస్తే గుండె మీద భారం పడుతుంది. ఛాతీ నొప్పి చరిత్ర ఉన్న మనిషికి ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎకో చెయ్యకుండా నేను సరే అని చెప్పను. అక్కడ ఇచ్చే మెడికల్ ఫారంలో పిల్లలు మీ బదులు "లేదు, లేదు" అని టిక్కులు పెట్టేస్తారు, మీరే చదివి నిజం రాయండి. పరీక్షలు బాగుంటే దిగండి, బాగాలేకపోతే గ్లాసు అడుగు పడవలో కూర్చొని పగడాలు చూడండి, వాటి అందం ఏం తగ్గదు.

దిగితే మాత్రం మరుసటి రోజు విమానం పెట్టుకోండి. ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలని డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ చెప్తుంది. విమానంలో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి లోపల మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగ కట్టగలదు. మధ్యాహ్నం డైవ్ చేసి సాయంత్రం చెన్నై విమానం అని టికెట్లు కొనేశారేమో ఒకసారి చూసుకోండి, ముందు మార్చేది అదే.

ప్రశ్న (జువ్వలదిన్నె వైపు కుర్రాడు, పోర్టుల్లో డైవర్‌గా పనిచేస్తున్నాడు): సార్, నేను ట్రైనింగ్ తీసుకున్న డైవర్‌ని. టేబుల్ చూసుకునే దిగుతా. కానీ మీరు చెప్పేది చూస్తే టేబుల్ ప్రకారం దిగినా రక్తనాళం మందగిస్తుంది అంటున్నారు. మరి మేము ఏం తినాలి, ఏం చెయ్యాలి? మా ఫ్రెండ్ డార్క్ చాక్లెట్ తింటే చాలు అంటాడు.

జవాబు: అబయా, మీ ఫ్రెండు చెప్పినదాంట్లో కూడా కొంచెం నిజం ఉంది. డైవ్‌కి ముందు 30 గ్రాముల డార్క్ చాక్లెట్ తిన్న డైవర్లలో ఆ ధమని శాతం పడిపోలేదని యూరప్‌లో చూశారు, విటమిన్ సి, ఈ ఇచ్చినా తక్కువ పడిందని క్రొయేషియాలో చూశారు. తింటే తప్పేం లేదు, కానీ ఇవన్నీ ధమని శాతాన్ని కాపాడాయి, జబ్బు రాకుండా ఆపుతాయని ఎవరూ చూపించలేదు. చాక్లెట్ తిన్నాను కదా అని అడుగున పది నిమిషాలు ఎక్కువ ఉండటం మాత్రం ఎప్పుడూ చెయ్యకు.

నాకు వీటికంటే గట్టిగా అనిపించేది వ్యాయామం. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో విస్లోఫ్, బ్రూబాక్ ఎలుకల్ని గట్టిగా పరిగెత్తించి మరుసటి రోజు ఒత్తిడిలో పెడితే బుడగలు తగ్గి ఎక్కువ బతికాయి. తర్వాత డైవర్లలో కూడా, డైవ్‌కి 24 గంటల ముందు గట్టిగా వ్యాయామం చేసినవాళ్ళలో గుండెలో బుడగలు తక్కువ కనపడ్డాయి. నీకు కష్టమేం కాదు, ముందురోజు సాయంత్రం బీచ్‌లో అరగంట గట్టిగా పరిగెత్తు. కానీ డైవ్ అయ్యాక మాత్రం సిలిండర్లు మొయ్యడం, తాళ్ళు లాగడం, పడవ నెట్టడం చెయ్యకు, పైకొచ్చాక కండరాలు గట్టిగా బిగిస్తే బుడగలు ఎక్కువ పుడతాయి, ఆ పని దిగని వాళ్ళు చెయ్యాలి. ఇది మీ సూపర్‌వైజర్‌కి చెప్పి ఒప్పించు, ఒప్పుకోకపోతే ఈ పేజీ చూపించు.

నీళ్ళు బాగా తాగు, మన ఎండకి పడవలో కూర్చుంటేనే ఒళ్ళు ఎండిపోతుంది. మజ్జిగ, ఓఆర్ఎస్ ఏదైనా సరే. ముందురోజు రాత్రి మందు తాగితే మరుసటి రోజు దిగొద్దు. సిగరెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఎండోథీలియంని రోజూ చెడగొట్టేదాంట్లో అది మొదటిది. పైకొచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు దాటొద్దు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగు, టేబుల్ అక్కర్లేదన్నా సరే ఆగు. మొదటి డైవే ఎక్కువ లోతు ఉండేలా పెట్టుకో. వారంలో ఒక పూర్తి రోజు నీళ్ళలోకి దిగకుండా ఉండేలా కాంట్రాక్టులోనే రాయించుకో, నీ రక్తనాళానికి కోలుకునే టైము అదే.

ఇంకొకటి అడగలేదు కానీ చెప్తా. ప్రతి నలుగురిలో ఒకరికి గుండెలో పై గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న సందు పూర్తిగా మూసుకోదు. మామూలు జీవితంలో దానివల్ల ఏమీ ఉండదు, డైవర్‌కి మాత్రం ఊపిరితిత్తుల్లో వడకట్టబడాల్సిన బుడగలు ఆ సందులోంచి నేరుగా మెదడుకి, వెన్నుకి పొయ్యే రక్తంలోకి దాటిపోతాయి. నీకు ఎప్పుడైనా టేబుల్ ప్రకారమే దిగినా చర్మం మీద మరకలు వచ్చినా, తల తిరిగినా, ఒక్కసారైనా సరే, ఆ సందు ఉందో లేదో చూసే బబుల్ ఎకో అనే పరీక్ష చేయించుకునేదాకా దిగొద్దు. భుజం, తుంటి కీళ్ళలో మొండి నొప్పి నెలల తరబడి ఉంటే ఎంఆర్ఐ తీయించు, బుడగలు ఎముకకి పొయ్యే రక్తాన్ని ఆపేసి ఎముక లోపల్నుంచి చచ్చిపోవడం డైవర్లలో, కైసన్ కూలీల్లో (నీళ్ళ అడుగున గాలి ఒత్తిడి నింపిన పెట్టెల్లో పునాదులు తవ్వేవాళ్ళు) ఎప్పట్నుంచో ఉన్న సంగతే, ముందుగా పట్టుకుంటే కీలు నిలుస్తుంది.

మీ పడవలో ఆక్సిజన్ సిలిండర్, బిగుతుగా పట్టే మాస్కు ఉన్నాయా? ఉంటే దాంట్లో గ్యాసు ఉందా, ఎంతసేపు వస్తుంది, మీలో ఎవరికి పెట్టడం వచ్చు, ఇవి రేపు దిగేముందు చూసుకొని నాకు రాయి.